కొస ముట్టి రా, బావా

సంతాపసభలో నన్ను రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. ఒక్క నిమిషంలో ముగించి కూర్చున్నాను. రెండో నిమిషంలో చెప్పాల్సింది నిమిషంలో అయ్యేది కాదు, అక్కడ చెప్పేదీ కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అతని పేరు రాయను. మా ఆఫీసు వాళ్లకు పేరు అక్కర్లేదు, బయటివాళ్లకు చెప్పినా తెలియదు. పైగా తను రాసిన ప్రోగ్రాముల్లో అతను ఎక్కడా పేరు పెట్టుకోలేదు. నేను రాసిన ప్రతి ఫైలు నెత్తిన నా పేరు, ఇంటిపేరు, తేదీ ఉంటాయి. అయినా కొత్తగా చేరినవాళ్లు పేరు లేని ఫైలు తెరిచి “ఇది ఆయనది కదూ” అంటారు. పేరున్న ఫైలు తెరిచి “ఇదెవరిది” అని అడుగుతారు. నా మొదటి ఫిర్యాదు ఇదే.

మాది మధురవాడలో ఒక మేడ మీద మూడో అంతస్తు. సముద్రం లోతు కొలిచే పడవలకు ప్రోగ్రాములు రాస్తాం. ఓడలు హార్బర్లోకి వచ్చే దారిలో ఒండ్రు పేరుకుంటూ ఉంటుంది, దాన్ని తవ్వి తీస్తూ ఉంటారు. తవ్వే ముందూ తవ్విన తర్వాతా ఒక చిన్న పడవ ఆ దారంతా తిరుగుతుంది. కిందికి శబ్దం పంపి, అది ఎంతసేపటికి తిరిగొచ్చిందో చూసి లోతు లెక్కగడుతుంది. సెకనుకు వందల కొలతలు. అన్నీ ఒకే ఫైల్లో ఒకదాని వెనక ఒకటి చేరుతూ పోతాయి. ఆ ఫైలు చదివే భాగం నాది. చదివినదాన్ని తెర మీద బొమ్మగా గీసే భాగం అతనిది.

ఇద్దరం ఒకే నెలలో చేరాం. నేను పదకొండు రోజులు ముందు. ఈ సంగతి ఎవరికీ గుర్తు లేదు.

అతను పద్మనాభం దగ్గర పల్లె నుంచి రోజూ బండి మీద వచ్చేవాడు. వరి ఊడ్పుల రోజుల్లో ప్యాంటు అంచుకు ఎండిన బురద అంటుకుని ఉండేది, దాన్ని దులుపుకునేవాడు కాదు. నేను సీతమ్మధార నుంచి వచ్చేవాణ్ణి. మా నాన్న స్టీల్ ప్లాంటు ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చారు, నేను ఇక్కడే పుట్టాను. అయినా నేను నోరు తెరిస్తే చాలు, మీది ఈ ఊరు కాదేటి అని అడుగుతారు. నాకు ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది. అతనికి పాలిటెక్నిక్ డిప్లొమా. ఆ తేడా మొదటి ఏడాది అందరికీ తెలుసు. రెండో ఏడాదికి నాకొక్కడికే తెలుసు.

అతను తన కుర్చీలో కూర్చోగా నేను చూసింది తక్కువ. ఎప్పుడూ ఇంకొకరి వెనక నిలబడి, వాళ్ల కుర్చీ వీపు మీద రెండు చేతులూ ఆనించి, తెరలోకి వంగి చూసేవాడు. కుర్చీ కొద్దిగా ఊగేది. తల తిప్పకుండానే వెనక ఎవరున్నారో తెలిసిపోయేది. ఏదైనా లెక్క వస్తే బొటనవేలితో మిగతా వేళ్ల కణుపులు తాకుతూ పోయేవాడు. కణుపు కణుపుకూ రెట్టింపు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, అలా ముప్ఫై రెట్టింపులు దాటి పోయేవాడు. కాలిక్యులేటర్ పక్కనే ఉన్నా తీసేవాడు కాదు. నేను ఇంట్లో తలుపు వేసుకుని ప్రయత్నించాను. పద్దెనిమిదో కణుపు దగ్గర ఇప్పటికీ తప్పుతాను.

ఎవరైనా “పని చేస్తోంది” అంటే ఆ మాటకు తోక తగిలించేవాడు. “ఈ మిషన్లో. ఇయ్యాల.” కోపంగా కాదు, వెక్కిరింతగానూ కాదు. చీటీ మీద మరిచిపోయిన తేదీ వేసినట్టు.

అతను చేరిన రోజునే నా కుర్చీ వెనక నిలబడి, “బావా, సి భాషలో లాంగ్ అంటే ఎన్ని బైట్లు?” అని అడిగాడు. బావా అనమని నేను చెప్పలేదు. ఎనిమిది అన్నాను. నాలుగు లైన్ల ప్రోగ్రాము రాసి చూపించాను కూడా. తెర మీద ఎనిమిది అని వచ్చింది. చుట్టూ నలుగురు చూస్తున్నారు.

“ఈ మిషన్లో,” అన్నాడు.

నవ్వి ఉంటే క్షమించేవాణ్ణి. నవ్వలేదు.

ఆ మాట వెనక సంగతి చెప్పాలి. ఒక ఫైల్లో ఫలానా చోటికి వెళ్లాలంటే, మొదటి నుంచి అది ఎన్నో బైటో ప్రోగ్రాము అంకె ఇవ్వాలి. సి భాషలో ఆ పని చేసే పాత ఫంక్షను ఆ అంకెను లాంగ్ అనే గదిలో పెట్టమంటుంది. మా ఆఫీసులోని లినక్స్ మిషన్లలో ఆ గది ఎనిమిది బైట్లు, ఎంత పెద్ద అంకైనా పడుతుంది. విండోస్ మిషన్లలో, సరికొత్తవాటిలో కూడా, అది నాలుగే బైట్లు. అందులో రెండు వందల పద్నాలుగు కోట్ల చిల్లర వరకే పడుతుంది, అంటే రెండు జీబీల దాకా. ఆ పైన అంకె మైనస్‌లోకి పడిపోతుంది. రాసిన ప్రోగ్రాము ఒక్కటే. దాన్ని మిషన్ భాషలోకి మార్చే కంపైలర్ ఏదన్నదాన్ని బట్టి దాని చెయ్యి అందే దూరం మారిపోతుంది.

ఇదంతా నేను చదువుకున్నదే. ఆ సాయంత్రమే పక్కనున్న విండోస్ మిషన్ మీద చూసి ఉండొచ్చు, రెండు నిమిషాల పని. చూడలేదు. చూస్తే అతను చెప్పాడని చూసినట్టవుతుంది.

అతని పెరట్లో మునగచెట్టు ఉండేది. కాపు రోజుల్లో ములక్కాడలు కట్టలు కట్టి తెచ్చి, అందరి బల్లల మీదా తలా ఒక కట్ట పెట్టేవాడు. నా బల్ల మీద పెట్టేవాడు కాదు. చేరిన కొత్తలో ఒకసారి, నాకు ములక్కాడ పడదని అన్నాను. ఏదో ఆ రోజు అన్నాను. దాన్ని అతను పదకొండేళ్లు గుర్తు పెట్టుకున్నాడు. మా ఇంట్లో అందరూ తింటారు. ఒక్కసారైనా మళ్లీ అడగొచ్చు కదా.

ఇక పడవ సంగతి.

మా ప్రోగ్రాము మొదటిసారి ఒక ప్రైవేటు సర్వే కంపెనీ పడవ ఎక్కిన రోజు అది. బాగా జరిగితే ఆఫీసు నుంచి బయటికి వెళ్లే ప్రతి విడుదలనూ చూసి “సరే” అని సంతకం పెట్టే పని నాకు అప్పగిస్తానని మా మేనేజరు ముందే అన్నాడు. దానికి జీతమేమీ పెరగదు. కాని ఆ సంతకం లేకుండా ఏదీ మా గుమ్మం దాటదు. నాకు కావలసింది అదొక్కటే. ఇంతవరకూ ఇంకేదీ అంతగా కోరుకోలేదు.

పడవ మీద సర్వే చూసేది అప్పలరాజుగారు. భీమిలి వైపు మనిషి, ఈ నీళ్ల మీదే తల నెరిసినవారు. లాప్‌టాప్ విండోస్‌ది. ప్రోగ్రామును ఆఫీసులో లినక్స్ మీద నెల రోజులు నడిపి చూశాను. విండోస్‌కి అదే కోడును మళ్లీ కంపైల్ చేశాను. కంపైలర్ ఒక్క మాట అనలేదు, ఒక్క హెచ్చరిక ఇవ్వలేదు.

ఇన్నర్ హార్బర్ నుంచి బయలుదేరి, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా బయటి ఛానల్లోకి వెళ్లాం. నేను లాప్‌టాప్ ముందు, అతను మామూలుగానే నా వెనక. సముద్రం అడుగు గుంటలుగా, దిబ్బలుగా తెర మీద కదులుతోంది. చాలాసేపటికి గుంటలు తగ్గాయి. సన్నటి అలల్లాంటి గీతలు వరసగా, ఒకే తీరులో రావడం మొదలైంది. అప్పలరాజుగారు చూసి తవ్వకం శుభ్రంగా చేశారని మెచ్చుకున్నారు. నాకూ అలాగే అనిపించింది. సంతకం ఎలా పెట్టాలో కూడా ఆలోచించుకుంటున్నాను.

వెనక నా కుర్చీ ఊగింది.

“సముద్రం అడుగు ఇంత బుద్ధిగా ఉండదు బావా,” అన్నాడు. “మా పొలం గట్టే ఇంత తిన్నగా ఉండదు. ఫైలు ఎంతయిందో ఓపాలి సూడు.”

చూశాను. రెండు జీబీలు దాటి చాలాసేపయింది. అతను వేళ్ల కణుపులు తాకలేదు. తాకాల్సిన పని లేదు.

నా కోడులో నేను రాసింది ఇది: ఆ చోటికి వెళ్లగలిగితే చదువు. వెళ్లలేకపోతే ఏం చెయ్యాలో రాయలేదు. వెళ్లలేకపోవడం ఉండదనుకున్నాను. రెండు జీబీల తర్వాత అంకె మైనస్ అయి, వెళ్లడం కుదరక, చేతిలో ఉన్న ఆఖరి ముక్కనే నా ప్రోగ్రాము మళ్లీ మళ్లీ అతని బొమ్మకు అందిస్తూ వచ్చింది. అంత పొడుగు సముద్రం అడుగున ఒకే చాప పరిచినట్టు గీసింది. ఆ చాప నమ్మి ఎవరైనా పెద్ద ఓడను లోపలికి తెస్తే, దాని అడుగు దేనికి రాసుకునేదో ఎవరికీ తెలియదు.

అప్పలరాజుగారి ముఖం మారింది. ఇది ఎవరి పని అని అడిగారు. నేను నోరు తెరిచాను.

“మాదేనండి,” అన్నాడతను నా తల మీదుగా. “బొమ్మ నాది. మీ కళ్ల ముందర అబద్దం ఆడింది నా బొమ్మే కదండీ. మూడ్రోజులివ్వండి.”

అప్పలరాజుగారు అతన్ని చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. నమ్మకం అలా పుడుతుందని నేను అనుకోలేదు, అదీ ఒక తప్పులోంచి. ఆ తర్వాత ఆ కంపెనీ నుంచి ఏ ఫోనొచ్చినా అతనికే. నా నంబరు కూడా వాళ్ల దగ్గర ఉంది, నేనే ఇచ్చాను.

ఒడ్డుకొచ్చాక టీ కొట్టు దగ్గర పట్టుకున్నాను.

“నిన్నెవరు చెప్పమన్నారు?”

“ఏటి బావా?”

“తప్పు నాది. నాది నేను చెప్పుకోలేనా?”

అతను టీ ఊదుకున్నాడు. “నువ్వు సెప్పీబోతన్నావనే నాను సెప్పీసాను. నీ ముకం సూసాను కదా. సెప్పుంటే మల్లీ పడవెక్కవు నువ్వు.”

అది నిజమో కాదో తెలుసుకునే వీలు నాకు లేకుండా చేశాడు. దీన్ని మంచితనం అంటారని నాకు తెలుసు. సంతాపసభలో ఇలాంటివే నలుగురు చెప్పారు. మంచితనం ఎవరి మీద పడిందో వాళ్లను ఎవరూ అడగరు.

విడుదల సంతకం అతనికి వెళ్లింది. మేనేజరు నన్ను పిలిచి, నీ మీద నమ్మకం లేక కాదు, కస్టమరు అడుగుతున్నాడు అన్నాడు. నేను సరే అన్నాను. ఆ “సరే” ఎలా అన్నానో ఆయనకు గుర్తుండదు.

ఆ మూడు రోజుల్లో అతను ఒక చిన్న ఫైలు రాశాడు. నలభై లైన్లు ఉంటాయేమో. ఈ కంపైలర్ అయితే దాని అరవై నాలుగు బిట్ల, అంటే ఎనిమిది బైట్ల, ఫంక్షను పిలువు, ఆ కంపైలర్ అయితే దాని పేరు వేరు, దాన్ని పిలువు. పాత ముప్ఫై రెండు బిట్ల మిషన్లలో పెద్ద అంకెలు కావాలని మిగతా అన్నిటికన్నా ముందే అడగాలి కాబట్టి, ఆ మాట మొదటి లైన్లోనే. చివర ఒక లైను ఉంది: అంకె పట్టే గది ఎనిమిది బైట్లు కాకపోతే కంపైలే కావద్దు. మేమెవరం ఇక పాత ఫంక్షను జోలికి వెళ్లనక్కర్లేదు, అతను పెట్టిన పేరు పిలిస్తే చాలు. నేనూ అదే వారం ఒకటి రాశాను. నాది నూట పది లైన్లు. మేనేజరు రెండూ చూసి అతనిది తీసుకున్నాడు. నాది నా దగ్గర ఇంకా ఉంది.

ఆ చివరి లైను ఎందుకని అడిగితే అతను చెప్పేది ఒకటే. “మౌనం అర్ధాంగీకారం అంతారు గాని, కంపైలర్ దగ్గర అది సెల్లదు బావా. అది ఊరుకుందంటే ఒప్పుకున్నట్టు కాదు, పట్టించుకోనట్టు. అందుకే మనవే దాని నోరు తెరిపించాల.”

సంతకం అతనికి వచ్చాక ఒక ఆచారం పెట్టాడు. విడుదలకు ముందు, ప్రోగ్రాము నడవాల్సిన ప్రతి రకం మిషన్ మీదా ఐదు జీబీల ఫైలు ఒకటి తయారు చెయ్యాలి. అందులో అంతా ఖాళీ, చిట్టచివర ఒకే ఒక్క అక్షరం. మన ప్రోగ్రాము అక్కడిదాకా వెళ్లి ఆ అక్షరం చదివి చూపించాలి. దీన్ని అతను కొస ముట్టడం అనేవాడు. పిల్లలు పరుగు పందెంలో గోడ ముట్టి వస్తారే, అలా. మూడు మిషన్లు: లినక్స్‌ది ఒకటి, విండోస్‌ది ఒకటి, సర్వే కంపెనీ పారేయబోతే అడిగి తెచ్చుకున్న పాత ముప్ఫై రెండు బిట్లది ఒకటి. పాతది మూలుగుతూ నడిచేది. ఎవరెంత తొందరలో ఉన్నా, మేనేజరు నెత్తి మీద నిలబడినా, “కొస ముట్టి రా బావా” అనేవాడు. ముట్టి వచ్చేదాకా కలం తీసేవాడు కాదు.

అన్నేళ్లూ నేను ముట్టి వచ్చాను. నాకన్నా పదేళ్లు చిన్నవాళ్ల ముందు, వరసలో నిలబడి.

ఒకసారి గెలిచాను. సర్వే కంపెనీ వాళ్లు ఫైళ్లను పెన్‌డ్రైవ్ మీదే దాస్తున్నారని తెలిసి, అతని కొస పరీక్షను ఒక పెన్‌డ్రైవ్ మీద నడిపాను. విఫలమైంది. పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ నాలుగు జీబీలను మించిన ఫైలును ఉంచుకోలేదు. మన ప్రోగ్రాము చెయ్యి ఎంత పొడుగైనా, అసలు నేలే అక్కడిదాకా లేదు. ఇది అతనికి తట్టలేదు. అతను సీట్లో లేనప్పుడు చెబితే లాభం లేదని కాచుకుని, భోజనాల దగ్గర పదిమంది ఉండగా చెప్పాను. అతని ముఖం చూద్దామని.

అతను ముద్ద వదిలేసి లేచాడు. “బావ పట్టీసినాడు,” అని పక్క గదిలోవాళ్లను కూడా పిలిచాడు. ఎంగిలి చేత్తోనే నన్ను నా మిషన్ దగ్గరికి లాక్కెళ్లి, మళ్లీ నడిపించి చూశాడు. సంబరపడ్డాడు. ఆ రోజు నుంచి కొత్తవాళ్లు ఎవరు చేరినా ఆ పెన్‌డ్రైవ్ కథ చెప్పేవాడు, ప్రతిసారీ నా వైపు చెయ్యి చూపిస్తూ. ఎన్నిసార్లు చెప్పాడంటే, అది వినీ వినీ జనానికి అతని కథ అయిపోయింది. ఈ మధ్య సంధ్య అనే అమ్మాయి, అతని దగ్గరే పని నేర్చుకున్నది, నాకే ఆ కథ చెప్పింది. అందులో నేను లేను. ఎవరో కనిపెట్టారంట సార్, అంది.

రెండు నెలల కిందట ఒక పొద్దున్న ఆఫీసు గ్రూపులో మెసేజ్ వచ్చింది. గుండె ఆగి పోయాడని. బస్సులో అందరూ కలిసి వాళ్ల ఊరెళ్లాం. పందిరి కింద అతని భార్య మా మేనేజర్ని గుర్తుపట్టింది. సంధ్యను దగ్గరకు తీసుకుంది. మాకన్నా ముందే వచ్చి కూర్చున్న అప్పలరాజుగారికి మంచినీళ్లిమ్మని ఎవరికో చెప్పింది. నా దగ్గరికొచ్చేసరికి ఆగింది.

“మీరెవరు బాబూ?”

ఆయన పక్క సీటు అన్నాను. ఆమెకు అందలేదు. “నన్ను బావా అని పిలిచేవారు,” అన్నాను.

ఆమె నా చెయ్యి మీద చెయ్యేసి, “ఆయనకి ఆపీసులో అందరూ బావలే బాబూ,” అంది ఓదార్పుగా.

పదకొండేళ్లు ఆ పిలుపు మీద నేను చిరాకు పడ్డాను. అడక్కుండా కలుపుకున్న వరస అని ఎందరితోనో చెప్పాను కూడా. ఆ పందిరి కింద ఆ చిరాకు ఎటు పోయిందో పోయింది. దాని చోట్లో వచ్చింది అంతకన్నా మంచిదేమీ కాదు. నేను కాక ఇంకెందరిని అలా పిలిచాడో లెక్క పెట్టుకుంటూ బస్సెక్కాను.

సంతకం నాకు వచ్చింది. మేనేజరు ఈసారి కారణాలేమీ చెప్పలేదు. ఇక నువ్వే కదా, అన్నాడు.

మొదట చేసిన పని అతని నలభై లైన్ల ఫైలు తీసేయడం. కారణం ఉంది. అందులో పది లైన్లు ఇప్పుడెవరూ వాడని ఒక కంపైలర్ కోసం రాసినవి. సంధ్య నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

“బానే ఉంది కదా సార్. ఎందుకు మారుత్తన్నారు?”

“బాగున్నది మార్చకూడదని రూలుందా?”

“లేదు సార్. ఆయనది కదా అని,” అంది.

అందుకేనమ్మా అని మనసులో అనుకున్నాను. పైకి, పాత కంపైలర్ సంగతి చెప్పాను. కొత్త ఫైలు మొత్తం నేనే రాశాను. పైన నా పేరు పెట్టాను. ఇరవై ఎనిమిది లైన్లు. వెళ్లమన్న చోటికి వెళ్లలేకపోతే ఊరుకోకుండా పని ఆపేసి, ఏ అంకె దగ్గర ఆగిందో తెర మీద చెప్పేలా చేశాను. అతను మూడు మిషన్ల మీద చూసేవాడు, నేను ఐదింటి మీద చూశాను. అతను ఐదు జీబీల కొస ముట్టించేవాడు, నేను తొమ్మిది. ఏ మిషనూ తప్పలేదు. కాగితం మీద సంతకం పెట్టాను. 

అప్పలరాజుగారికి నేనే ఫోన్ చేశాను. కొత్త విడుదల సిద్ధమని చెప్పాను.

“సూసిందెవరు?” అని అడిగారు.

“నేనేనండి.”

అవతల గాలి శబ్దం.  “అయితే ముందర సిన్న ముక్క తిరిగి సూద్దాం బాబూ. పాత ఫైలు ఎనకాలే ఎక్కిద్దాం. మీరూ రండి.”

ఆయన అతనితో ఎన్నడూ ఆ మాట అనలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ చిన్న ముక్క తిరిగి చూద్దామనలేదు. నేను గుర్తు పెట్టుకున్నాను.

పడవెక్కాను. మూడున్నర జీబీల పాత రికార్డింగు వెనకాలే కొత్త కొలతలు చేరుతున్నాయి. నా వెనక ఎవరూ లేరు, కుర్చీ ఊగితే అది అలలకే. ఫైలు నాలుగు జీబీలు దాటింది. తెర మీద సముద్రం అడుగు ఎగుడుదిగుడుగా, ఒక చోట ఉన్నట్టు ఇంకో చోట లేకుండా వస్తోంది. అప్పలరాజుగారు కళ్లద్దాలు పెట్టుకుని వంగారు. ఛానల్ అంచున నీళ్ల కింద ఒక రాతి గుట్ట ఉంటుందని, అది వచ్చేదాకా ఏమీ అననని చెప్పారు. పడవ మెల్లగా పోతోంది. గుట్ట వచ్చింది. ఒక పక్క విరిగి, రెండో పక్క వాలి, ఆయన చేత్తో గాలిలో గీసి చూపించినట్టే ఉంది.

“అదే,” అన్నారు. “అదక్కడే ఉంతాది.”

కాగితం అడిగి తీసుకున్నారు. నా సంతకం పక్కన తన సంతకం పెట్టారు. మడిచి నాకిస్తూ, భుజం మీద తట్టారు.

“బాగుంది బాబూ. అచ్చం ఆయన సేసినట్టే ఉంది.”

ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ ఇరవై ఎనిమిది లైన్లలో ఒక్కటి కూడా అతనిది కాదని చెప్పొచ్చు. చూపించొచ్చు కూడా, లాప్‌టాప్ ముందే ఉంది, పేరు పైనే ఉంది. నాకు ఏదైనా గుచ్చుకుంటే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఇన్నేళ్లూ వెతుక్కోవాల్సిన పని లేకపోయింది, పక్క సీట్లోనే ఉండేవాడు. ఇప్పుడు కోపం అప్పలరాజుగారి మీదా రాలేదు, ఎవరి మీదా రాలేదు. కాగితం జేబులో పెట్టుకుని, పడవ ఒడ్డుకు తగిలేదాకా నిలబడే ఉన్నాను.